లావణ్య చూసిన ఎలుగుబంటి, అత్తమ్మ తిట్టిన ఎలుగుబంటి

ఈ ప్రయాణానికి కారణం ప్రకృతి మీద ప్రేమ కాదు, కుళ్ళు. ఆ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. మా తోటికోడలు లావణ్య, అంటే మా మరిది భార్య, వనపర్తిలో ఉంటుంది. పోయిన ఎండాకాలం సెలవుల్లో వాళ్ళు నల్లమల అంచున ఒక గుట్ట మీద చెక్క ఇల్లు అద్దెకు తీసుకుని ఒక రాత్రి ఉండి వచ్చారు. ఉంటే ఉన్నారు, మనకేం? సాయంత్రం వరండాలో కూర్చుని చాయ్ తాగుతుంటే ఎదురుగా ఒక ఎలుగుబంటి, దాని వీపు మీద రెండు పిల్లలు, ఊరేగింపుకు వెళ్తున్నట్టు తాపీగా నడిచి వెళ్ళాయట. ఆ వీడియో ఇంటి గ్రూపులో పెట్టింది. రెండు రోజులాగి మళ్ళీ పెట్టింది. ఆ తర్వాత పాట జోడించి పెట్టింది. చుట్టాల్లో పెళ్ళయినా, పురుడైనా, ఫోన్ చేతుల్లో తిరుగుతూనే ఉంది.

గద్వాలలో మాది నేత ఇల్లు. రెండు మగ్గాలు. ఒకదాని మీద మా ఆయన, ఒకదాని మీద నేను. మా అత్తమ్మ నర్సమ్మ మాతోనే ఉంటుంది. పొద్దున్నే ఆమెకు చాయ్ ఇచ్చేది నేను, మోకాళ్ళకు నూనె రాసేది నేను, రొట్టె మెత్తగా లేదంటే మళ్ళీ చేసిపెట్టేది నేను. ఇంటికి ఎవరైనా రాగానే ఆమె చెప్పే మొదటి ముచ్చట మాత్రం, "మా లావణ్య ఎలుగొడ్డును చూసింది తెలుసా!" అని. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. లావణ్య వీడియో పంపినప్పుడల్లా ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, "ఎంత ముద్దుగున్నయే పిల్లలు!" అని మురిసిపోయేది. పక్కనే కూర్చుని కండెలకు నూలు చుట్టుకుంటూ నేను నవ్వేదాన్ని. ఏడవలేక నవ్వే నవ్వు ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది.

దీనికి తోడు ఇంకొకటి. దసరాకు ముందు నేను ఒక చీర నేశాను. నెమలికంఠం రంగు ఒంటికి దానిమ్మ రంగు అంచు. ఆ రంగులు కుదరడానికి ఎన్ని నిద్రలు పాడు చేసుకున్నానో నాకే తెలుసు. మా గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసే చోటును మేం కుట్టు అంటాం. సూదితో కుట్టేది కాదు, మగ్గం మీదే పోగుకు పోగు మెలేసి కలుపుతాం. చీర మగ్గం దిగగానే ఇంట్లో పెద్దవాళ్ళ చేతికి ఇవ్వడం మా ఆచారం. వాళ్ళు కళ్ళు మూసుకుని, కుట్టు మీద వేలు జరుపుకుంటూ పోయి తీర్పు చెబుతారు. కన్ను మోసపోతుంది గానీ వేలు మోసపోదని మా ఇళ్ళలో ఒక మాట. అత్తమ్మ అలాగే కళ్ళు మూసుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలు నడిపించి, "కుట్టు మంచిగొచ్చింది" అంది. రంగు గురించి ఒక్క ముక్క లేదు. పైగా, "లావణ్యకు దసరాకు పెట్టుదాం తియ్" అని చీర మడత పెట్టింది. ఆ రోజు నా కడుపులో మంట ఏ మజ్జిగకూ చల్లారలేదు.

ఆ మంటలోంచే ఈ ప్రయాణం పుట్టింది. అదే చెక్క ఇల్లు, అదే వరండా. అత్తమ్మకు ఎలుగుబంటిని ఫోన్‌లో కాదు, ఎదురుగా నేను చూపించాలి. రేపు ఇంటికి ఎవరైనా వస్తే, "మా సరిత చూపించింది" అని ఆ నోటితోనే రావాలి. నాకు కావలసింది అంతే. మా ఆయన పడుగు మీద నుంచి తలెత్తకుండా, "పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది నీ పని" అన్నాడు. "పులి గాదు, ఎలుగొడ్డు" అన్నాను. ఆయనకు పండుగ పని ఉంది, రాలేనన్నాడు. అత్తమ్మ మోకాళ్ళ నొప్పులంటుందేమోనని భయపడ్డాను గానీ, అడగగానే, "నువ్వు తీస్కపోతే వస్త బిడ్డా" అంది. వారం మధ్యలో అయితే ఆ ఇంటికి రాత్రికి మూడున్నర వేలు, శని, ఆదివారాలైతే ఐదు వేలు. భోజనాలు వేరుగా, మనిషికి పూటకు రెండు వందలు. మా వీధి చివర ఉండే ఖాజా కారు మాట్లాడుకున్నాం. డీజిల్ మనదే, రోజుకు రెండు వేలు అతనికి.

మాఘమాసం మొదట్లో ఒక బుధవారం పొద్దున ఏడు గంటలకు బయలుదేరాం. గద్వాల నుంచి కృష్ణ దాటి అమరచింత, ఆత్మకూరు, కొత్తకోట మీదుగా వనపర్తి. అక్కడి నుంచి గోపాల్‌పేట, నాగర్‌కర్నూల్, అచ్చంపేట. ఆగకుండా పోతే నాలుగు గంటల దారి, అత్తమ్మతో అయితే ఏడు గంటలు. జూరాల ఆనకట్ట మీదికి రాగానే ఎండ నీళ్ళ మీద పడి తళతళలాడుతోంది. అత్తమ్మ, "నీళ్ళెట్లున్నయే?" అని అడిగింది. నేను ఫోన్‌లో ఫోటో తీస్తూ, "ఎదురుంగనే ఉన్నయి గదా, చూడుండ్రి" అన్నాను. ఆమె నీళ్ళు లేని వైపుకు, అంటే కింద బండలున్న వైపుకు తిరిగి, "అవునే, మస్తున్నయ్" అంది. నా మీద అలిగి వెటకారం చేస్తోందనుకున్నాను. లావణ్య పక్కన ఉంటే ఇలా అనేది కాదని కూడా అనుకున్నాను.

అమరచింతలో ఇడ్లీ తిన్నాం. వనపర్తి వచ్చేసరికి ఖాజాతో, "మా మరిది వాళ్ళ గల్లీ దిక్కు పోవద్దు, బస్టాండ్ దిక్కు నుంచి పోనియ్" అన్నాను. ఖాజా అద్దంలోంచి చూసి నవ్వాడు. "ఏందక్కా, దొంగల లెక్క పోతున్నం?" అన్నాడు. "వచ్చేటప్పుడు దొరల లెక్క ఆగుదాం" అన్నాను. నా లెక్క అదే మరి. ఎలుగుబంటిని చూడకుండా లావణ్య గుమ్మం ఎక్కడం నాకు ఇష్టం లేదు. అత్తమ్మ కునుకు తీస్తోంది కాబట్టి బతికిపోయాను.

గోపాల్‌పేట దాటాక రోడ్డు పక్కన ఒకామె ఉడకబెట్టిన పల్లీలు, రేగుపండ్లు అమ్ముతుంటే ఆగాం. రెండూ కలిపి యాభై రూపాయలు. ఆమె పొలం వెనకే ఉంది. ఎక్కడికని అడిగితే చెప్పాను. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుని, "ఎలుగొడ్డును చూడనీకి పైసలిచ్చి పోతున్నరా? మా పల్లిచేన్ల దినాం పందులొస్తయి. పైసలు లేకుండ చూపిస్త, ఉండుండ్రి" అంది. అత్తమ్మ పగలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పందిని చూశానని గ్రూపులో పెడితే లావణ్య ఏ బొమ్మలు పంపిస్తుందో నాకు తెలుసు.

నాగర్‌కర్నూల్‌లో బస్టాండ్ దగ్గర భోజనం చేశాం. అచ్చంపేటలో డీజిల్, మందులు, నగదు, ఏం కావాలన్నా తీసుకోండి. ఆ తర్వాత మన్ననూరు వైపు ఘాటు ఎక్కుతుంటే సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. అడవి చెక్‌పోస్టుకు ముందే ఎడమవైపు మట్టిదారి. చిన్న కారు కూడా మెల్లగా పోతే ఎక్కుతుంది. రెండున్నరకు చేరాం. ఇల్లు వీడియోలో కంటే చిన్నది, కానీ చక్కనిది. రాతి పునాది మీద చెక్క గోడలు, రేకుల కప్పు, రెండు గదులు, ముందు పొడవాటి వరండా, దానికి నాలుగు మెట్లు. ఎదురుగా ముళ్ళకంచె, కంచె అవతల ఒక పెద్ద చెదల పుట్ట, ఆ వెనక చెట్లు, చెట్ల వెనక కొండల వరస. తలుపు తీయగానే గోడ మీద పటం కట్టి ఒక ఫోటో. ఎలుగుబంటి, వీపున రెండు పిల్లలు. కింద "మా అతిథి తీసినది" అని రాసి ఉంది. లావణ్య ఇక్కడ కూడా నాకంటే ముందే వచ్చి కూర్చుంది. నా తువ్వాలు తీసి ఆ పటం మీద ఆరేశాను.

ఆ ఇంటిని చూసుకునేది, వంట చేసేది బాలమ్మ. వయసు నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. పక్క ఊళ్ళో వాళ్ళకు కొంచెం జొన్నచేను ఉంది. ఆమె మొదట సామాను కాదు, మా సంచుల్లో తిండి ఏముందో చూసింది. "పండ్లు, బెల్లం, తేనె ఏదున్నా అరుగు మీద పెట్టొద్దు. చెత్త ఇంట్లనే గీ ఇనుప డబ్బల ఎయ్యాలె. చీకటి పడేటప్పుడు, తెల్లారేటప్పుడు మెట్లు దిగొద్దు. పగటిపూట నడిచినా నోరు మూసుకొని నడవద్దు, గట్టిగ మాట్లాడుకుంట నడవాలె" అంది. "ఎందుకు?" అని అడిగితే, "దానికి ముక్కు మస్తు, కండ్లే సరిగ్గ ఆనయి. మనం సప్పుడు లేకుండ దగ్గరికి పోతే బెదిరి మీద పడ్తది. దూరం నుంచి ఇనపడితే దాని తొవ్వల అది పోతది" అంది. మా మరిది వాళ్ళను ఇలా మాట్లాడుతూ నడవమని చెప్పే అవసరం పడి ఉండదు, లావణ్య ఉంది కదా అనుకున్నాను.

నాలుగు గంటల నుంచి వరండాలో కూర్చున్నాను. పటంలో కనిపించే కోణం చూసుకుని కుర్చీ జరుపుకున్నాను. చాయ్ కూడా తెప్పించుకున్నాను, ఎక్కడా లోటు ఉండకూడదని. అత్తమ్మను పక్కన కూర్చోబెట్టి, ఫోన్ కెమెరా తెరిచి పెట్టుకున్నాను. ఒక నెమలి వచ్చింది. కొండముచ్చుల గుంపు వచ్చి రేకుల మీద గంతులేసి పోయింది. పొద్దు వాలేకొద్దీ కొండల రంగు మారింది, చలి మొదలైంది. వేరే రోజైతే ఆ రంగుకే నేను పొంగిపోయేదాన్ని, మగ్గం మీదికి ఎలా తేవాలా అని ఆలోచించేదాన్ని. ఆ రోజు మాత్రం నల్లని పొద కనిపిస్తే చాలు, గుండె లేచి కూర్చునేది. "అగో, కదిలింది!" అంటే, "అవునే, కదిలింది" అనేది అత్తమ్మ. చూస్తే అది పొదే.

ఇక ఆగలేక వంటింట్లోకి పోయి బాలమ్మను మెల్లగా అడిగాను. "మా దగ్గర రేగుపండ్లున్నయి. కంచె కాడ రెండు దోసిళ్ళు పోస్తే వస్తదా?"

బాలమ్మ రొట్టె తట్టడం ఆపింది. "వస్తది" అంది. "రేపు మల్ల వస్తది. ఎల్లుండి వస్తది. మీరు పొద్దుగాల గద్వాల పోతరు. మేం ఏడికి పోవాలె అక్కా?"

రేగుపండ్ల సంచి తీసుకుపోయి నా పెట్టెలో బట్టల అడుగున పెట్టాను. ఆ మాత్రం బుద్ధి మిగిలింది. అయినా మనసులో మాత్రం, లావణ్యకు ఏ పండ్లూ పోయకుండానే పిల్లలతో సహా ఎలా దొరికిందా అని ఏడుపు పోలేదు. అదృష్టం కూడా మనుషుల ముఖాలు చూసి వస్తుంది కాబోలు.

రాత్రి జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు, వెల్లుల్లి కారం. అత్తమ్మ వాసన చూసే, "పుంటికూర లేతగుంది" అని మెచ్చుకుంది. నీళ్ళ గ్లాసు కోసం ఆమె చెయ్యి చాప మీద అటూ ఇటూ వెతుకుతుంటే, బాలమ్మ గ్లాసు తీసి చేతికి అందించింది. నేను చూస్తూనే ఉన్నాను. ఎక్కడికి పోయినా ఈమెకు సేవ చేసేవాళ్ళు దొరుకుతారు, నాకు చేసేవాళ్ళే దొరకరు అనుకుని ఒక రొట్టె ఎక్కువ తిని పడుకున్నాను.

పొద్దున నన్ను లేపింది అత్తమ్మ గొంతు. ఆ గొంతు మంచం మీద నుంచి రావడం లేదు, బయటి నుంచి వస్తోంది. కళ్ళు తెరిచేసరికి తలుపు బార్లా తీసి ఉంది, లోపలంతా మంచు చలి. బయట అప్పుడప్పుడే తెలుపు వస్తోంది.

"ఎవడ్రా నువ్వు? పొద్దు పొడవకముందే పుట్టను తవ్వుతున్నవేందిరా? నాగేంద్రుడుండే జాగ, సిగ్గు లేదా నీకు? గొంగడి కప్పుకుంటే ఎవరికి కనపడననుకున్నవా? ఉండు, నీ పేరేంది, ఏ ఊరోనివి?"

నేను దూకినట్టే బయటికి వచ్చాను. అత్తమ్మ వరండా చివర, మెట్టు అంచున నిలబడి ఉంది. ఒక చేత్తో స్తంభం పట్టుకుని, ఇంకో చేత్తో కర్ర చూపిస్తూ, నాగులచవితికి పాలు పోసే పుట్టను తవ్వేవాడిని ఎలా తిట్టాలో అలా తిడుతోంది. కంచె అవతల పుట్ట చుట్టూ దుమ్ము లేచి ఉంది. దాని వెనక పొద ఊగుతోంది. కొమ్మలు విరుగుతున్న చప్పుడు కొండ దిక్కుకు పోతోంది. నాకు కనిపించింది అంతే. ఊగే పొద. అత్తమ్మ గర్వంగా నా వైపు తిరిగి, "ఉరికిండు దొంగ" అంది.

ఆమె రెక్క పట్టుకుని లోపలికి లాగి గడియ పెట్టాను. తొమ్మిది నెలలుగా ఏ ఎలుగుబంటి కోసం ఏడ్చానో, ఆ ఒక్క నిమిషం మాత్రం అది ఈ లోకంలోనే లేకుండా ఉంటే బాగుండనిపించింది. "ఎందుకు పోయినరు బయటికి? బాలమ్మ చెప్పలేదా?" అని అరిచాను. ఆమెకు నా కోపమే అర్థం కాలేదు. "మగ్గం సప్పుడైతుండెనే" అంది. "నాడె ఇసిరినట్టు ఒక సప్పుడు, పన్నె కొట్టినట్టు ఒక సప్పుడు. గీ అడవిల మనోళ్ళెవరు నేస్తున్నరా అని లేచిన. చెయ్యి కుదురుగ లేదు వానికి. జర చెప్పి వద్దామని పోయిన." నాడె పోగును అటూ ఇటూ మోసేది, పన్నె దాన్ని దగ్గరికి కొట్టేది. మా వీధిలో మగ్గం చప్పుడు వినపడే ఇంట్లోకి పోవడానికి ఎవరూ ఎవరినీ అడగరు. నేరుగా పోయి, బట్ట ముట్టి చూసి, మంచో చెడో చెప్పి వస్తారు. అత్తమ్మ అరవై ఏళ్ళుగా చేసిన పనే చేసింది.

ఎండ వరండా మీదికి వచ్చాక బాలమ్మ, ఖాజా, నేను గట్టిగా మాట్లాడుకుంటూ కంచె దాకా పోయాం. పుట్ట పక్కన మోర పెట్టేంత బొక్క. మట్టి మీద గోళ్ళ గీతలు, ఒక్కొక్కటి నా వేలంత పొడవు. "గుడ్డెలుగే" అంది బాలమ్మ. "మట్టిని ఉఫ్ అని ఊది, చెదలను గుంజుకుంటది. గా సప్పుడే పెద్దమ్మ ఇన్నది. నోరున్న మనిషి, దూరంల ఉన్నది, గందుకే బతికింది." ఖాజా చెంపలు వేసుకున్నాడు. నేను పరుగున వచ్చి, "అత్తమ్మా, మీరు చూసింది ఎలుగొడ్డునే!" అన్నాను. నా గొంతులో భయం పోయి పండుగ వచ్చేసింది.

"గాదు" అంది అత్తమ్మ.

"గోళ్ళ గీతలున్నయి అత్తమ్మా!"

"ఎలుగొడ్డు నాకు తెల్వదా? లావణ్య వీడియోల సూడలేదా? గది వేరే ఉంటది. గీడు మనిషే. గొంగడి కప్పుకున్నడు, కూసున్నడు, నేను తిడితే లేచిండు, ఉరికిండు."

ఇంతకంటే ఏం కావాలి చెప్పండి. ఇంత ఖర్చు పెట్టి, ఇంత దూరం తెచ్చి, ఎలుగుబంటిని ఎదురుగా చూపిస్తే, లావణ్య ఎలుగుబంటే అసలుదట, నాది మనిషట. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్టు అయింది నా పని. పైగా ఇంట్లో ఎలుగుబంటిని చూడని కోడలిని నేనొక్కదాన్నే మిగిలాను. దారి పొడుగునా ఖాజా నచ్చజెప్పాడు, నేను నచ్చజెప్పాను. నాగర్‌కర్నూల్ వచ్చేదాకా ఆమె ఆ దొంగది ఏ ఊరై ఉంటుందా అనే ఆలోచిస్తోంది.

మధ్యాహ్నానికి వనపర్తిలో లావణ్య ఇంటి ముందు ఆగాం. దొరల్లాగా ఆగుదామనుకున్నదాన్ని, సాక్షి అడ్డం తిరిగిన ఫిర్యాదీలా దిగాను. వస్తున్నామని అచ్చంపేటలోనే ఫోన్ చేశాను కాబట్టి లావణ్య తయారై గుమ్మంలో నిలబడి ఉంది. కట్టుకున్నది ఏమిటనుకున్నారు? నా నెమలికంఠం చీరే. నా చీర కట్టుకుని నాకే చూపించడానికి అనుకున్నాను.

"ఏమన్న కనపడ్డదా అక్కా?" అంది అన్నం వడ్డిస్తూ.

నేను మొత్తం చెప్పాను. పుట్ట, గోళ్ళు, పొద, అన్నీ. అత్తమ్మ ముద్ద మింగి, "ఏం లేదు లావణ్యా. ఎవడో గొంగడోడు. సరిత జర ఎక్కువ చేస్తది" అంది. లావణ్య నవ్వు ఆపుకోలేకపోయింది. "ఉండుండ్రి అత్తమ్మా, పెద్ద టీవీల పెడ్త. మీరు చూసి చెప్పుండ్రి, గదా, గాదా అని" అంటూ తన వీడియో టీవీలో పెట్టింది. గోడంత తెర మీద ఆ ఎలుగుబంటి మళ్ళీ వచ్చింది. నేను తల పక్కకు తిప్పుకున్నాను.

"ఏదీ?" అంది అత్తమ్మ.

"గదిగో, నడుమల."

అత్తమ్మ లేచింది. టీవీ దగ్గరికి నడిచింది. ముక్కు తెరకు ఆనేంత దగ్గరికి పోయి, తల ఒక పక్కకు వంచి, కోడి గింజను చూసినట్టు చూసింది. "గీ నల్లగ కదిలేదా?" అంది. "గిదే. గిట్లనే ఉండె వాడు. గొంగడి లెక్క." తెర మీద చేత్తో తడిమి, మెల్లగా అడిగింది. "మరి పిల్లలేడున్నయే?"

పిల్లలు ఆమె వేలి కిందే ఉన్నాయి. ఒక్కొక్కటి పిల్లిపిల్ల కంటే పెద్దగా, ఎవరికైనా కనిపించేంత స్పష్టంగా. ఇన్ని నెలలుగా "ఎంత ముద్దుగున్నయే పిల్లలు" అన్నది ఈమే. లావణ్య నా వైపు చూసింది, నేను లావణ్య వైపు చూశాను. మా పెళ్ళిళ్ళయ్యాక మేమిద్దరం కళ్ళలోకి కళ్ళు పెట్టి చూసుకోవడం అదే మొదలేమో. లావణ్య మెల్లగా దగ్గరికి పోయి, "అత్తమ్మా, నేను కట్టుకున్న చీర ఏ రంగు?" అని అడిగింది.

అత్తమ్మ చెయ్యి చాపి కొంగు అందుకుంది. అలవాటుగా కళ్ళు మూసుకుంది. వేలు కుట్టు మీద జరిగింది. "గిది సరిత నేసింది" అంది వెంటనే. "గీ కుట్టు దానిదే. గద్వాలంత ఎతికినా గిట్ల కలిపేటోళ్ళు లేరు." ఆ మాట కోసమే కదా నేను ఇన్ని రోజులు కుళ్ళి చచ్చింది. తీరా వచ్చేసరికి నాకు సంతోషం రాలేదు, ఏడుపు వచ్చింది. "రంగు చెప్పుండ్రి అత్తమ్మా" అంది లావణ్య మళ్ళీ. అత్తమ్మ వేలు మళ్ళీ కుట్టు మీదికే పోయింది.

జూరాల నీళ్ళు, నీళ్ళ గ్లాసు, పొదలన్నీ కదిలాయని ఆమె అనడం, అన్నీ ఒక్కసారిగా ముందుకు వచ్చి నిలబడ్డాయి. ఏడాది కింద మోకాళ్ళ నొప్పులని మగ్గం దిగింది కూడా మోకాళ్ళ వల్ల కాదు. వేరే ఇల్లయితే ఎప్పుడో కనిపెట్టేవాళ్ళు. మా ఇళ్ళలో బట్టను కళ్ళు మూసుకుని చూడడమే పెద్దరికం కాబట్టి, చూపు పోయిన మనిషిని మేం పనితనం అనుకుని మురిసిపోయాం. "చెప్పొచ్చు గద అత్తమ్మా" అంటే, ఆమె కొంగు వదలకుండానే, "కండ్లు ఆనుతలేవంటే ఇంగ నా చేతికి చీరలెందుకిస్తరే?" అంది.

లావణ్య ఏడ్చింది. నేను ఊహించని మాట ఒకటి అంది. "పోయిన ఎండాకాలం మాతోని రమ్మంటే మోకాళ్ళ నొప్పులన్నరు. అక్క పిలిస్తే అడవికైనా పోయినరు. నెలకు ఒక్కనాడన్న మా ఇంట్ల ఉండరు. మీతోని మాట్లాడనీకి నాకేమున్నది? గందుకే గా వీడియో మల్ల మల్ల పంపిన." నేను ఎలుగుబంటిని చూసి కుళ్ళుతుంటే, ఈమె నా చాయ్ గ్లాసును, నా నూనె సీసాను చూసి కుళ్ళుతోందన్నమాట. నాకు తెలియకుండానే నేనూ ఒకరి కడుపుమంటకు కారణమయ్యానంటే, నిజం చెప్పాలి, కొంచెం హాయిగానే అనిపించింది.

ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు. కంటి దవాఖానకు ఎవరు తీసుకుపోవాలనే దాని మీద మళ్ళీ మొదలుపెట్టాం. గద్వాల తీసుకుపోతానని నేను, సెలవు పెట్టి తానే చూపిస్తానని లావణ్య. చివరికి అత్తమ్మే, "అరేయ్, కండ్లు నావి. జర నన్నడుగుండ్రి" అని, "గీ పాలి లావణ్య కాడ ఉంట" అంది. నేనూ ఖాజా ఇద్దరమే గద్వాల వచ్చాం. కారు వెనక సీటు అంత పెద్దదని అంతకు ముందు నాకు తెలియదు.

రెండు కళ్ళలోనూ శుక్లాలేనట. ఒక కంటికి ఆపరేషన్ అయింది, నిన్న కట్టు విప్పారు. నల్లద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చున్న ఫోటో లావణ్య గ్రూపులో పెట్టింది, ఈసారి కూడా పాట జోడించి. సాయంత్రం అత్తమ్మే ఫోన్ చేసింది. "బిడ్డా, టీవీల చూసిన. పిల్లలు కూడ కనపడ్డయి. నేను తిట్టింది ఎలుగొడ్డునే!" అని పసిపిల్లలా కేకలు. "సంతోషం అత్తమ్మా" అన్నాను. "మన ఆడోళ్ళల్ల నువ్వొక్కదానివే చూడలే, పాపం" అంది. నేను పళ్ళు కొరుక్కున్నాను. ఆ తర్వాత గొంతు తగ్గించి, "నీ చీర కూడ చూసిన" అంది. నేను ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాను. దసరా నుంచి ఎదురుచూసిన మాట కదా. "ఒంటి రంగు మస్తున్నది. దానిమ్మ అంచే జర ముదురైంది. అయినా లావణ్యకు మంచిగ ఒప్పింది తియ్."

అందుకే ఈ ప్రయాణం వల్ల నా కుళ్ళు పోయిందని నేను మీకు అబద్ధం చెప్పను. ఇప్పుడు మగ్గం మీద కూర్చుని దానిమ్మ రంగు ఒక పాలు తగ్గిస్తున్నాను, మధ్యమధ్య వీధి వైపు చూస్తున్నాను, ఆమె ఎప్పుడు వస్తుందా అని. ఎదురుగా ఉన్నదాన్ని ఆమెకు చూపించాలని మేమిద్దరం పోటీ పడ్డాం గానీ, ఆమెకు ఏం కనిపిస్తోందని ఇద్దరిలో ఒక్కరమూ అడగలేదు. రెండో కంటికి నెల తర్వాత. ఆ పూట నాదేనని ఇప్పుడే చెప్పి పెట్టాను, లావణ్య ఒప్పుకోవడం లేదు.

మీరు ఆ గుట్ట మీది ఇంటికి పెద్దవాళ్ళతో పోయేటట్టయితే ఒక్క మాట వినండి. ముందు కంటి దవాఖాన, తర్వాతే అడవి. ఆ ఇంటి తలుపుకు పైన ఒకటి, కింద ఒకటి గడియలున్నాయి. పడుకునే ముందు పైది పెట్టండి, అది వాళ్ళ చేతికి అందదు. తెల్లవారుతుండగా మగ్గం నేస్తున్నట్టు చప్పుడు వినిపిస్తే తలుపు తీయకుండా కిటికీలోంచి చూడండి. చూడండి గానీ, దయచేసి నాకు వీడియో పంపకండి.